పురుగు వైపు నుంచి చూస్తే

చిలకలూరిపేట నుంచి పర్చూరు దాకా పరుచుకున్న నల్లరేగడిలో పెరిగే పిల్లలకు శ్రమ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పత్తి తీసి గీరుకుపోయిన వేళ్లు, మిరపకాయలు కోసి మండే చేతులు వాళ్ల ఇళ్లలోనే ఉంటాయి. అందుకే తొమ్మిదో తరగతిలో నిలబడి "తెలివి పుట్టుకతో తేలిపోయేది కాదు, కష్టపడితే పెరుగుతుంది" అని చెబితే పిల్లలు మర్యాదగా తలలూపుతారు. వెనక బెంచీలో ఒకడు ఆవులిస్తాడు. ఈ ప్రాంతపు బళ్లలో సైన్సు చెప్పుకుంటూ వస్తున్న నాకు ఆ ఆవులింత మీద కోపం రాదు. అందులో ఒక ప్రశ్న ఉంది. మా నాన్న కష్టపడలేదా?

తెలివి పెరుగుతుందన్న ఈ నమ్మకాన్నే గ్రోత్ మైండ్‌సెట్ అంటారు. ఆ మాటను లోకంలో తిప్పింది కెరొల్ డ్వెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త. 2006లో వచ్చిన 'మైండ్‌సెట్' పుస్తకంతో అది దేశదేశాల బళ్లకూ చేరింది. ఆమె చెప్పింది శ్రమ ఒక్కటే కాదు. దారి మూసుకుపోతే పద్ధతి మార్చుకోవడం, తెలిసినవాళ్లను అడగడం కూడా అందులో భాగమే. మన దాకా వచ్చేసరికి మిగతావన్నీ రాలిపోయి శ్రమ ఒక్కటే మిగిలింది. గుంటూరులో ర్యాంకుల ఫ్లెక్సీల కింద నడిచే ఏ కుర్రాణ్ణి అడిగినా సరే, లెక్కలు రాకపోతే ఇంకో గంట స్టడీ అవర్ అంటాడు. అప్పటికీ రాకపోతే తెల్లవారుజామున మరో గంట. ఆ తర్వాతా రాకపోతే? "మన బుర్ర ఇంతే సార్" అంటాడు. ఏ మాటను పోగొట్టాలని బయలుదేరామో తిరిగి అక్కడికే చేరతాడు.

ఇక్కడే నాకు 1987 గుర్తొస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చరిత్రలో ఆ ఏడాది మచ్చ ఇప్పటికీ చెరగలేదు. అప్పటికి కొన్నేళ్లుగా సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు విరివిగా వాడుతున్నారు. మొదట్లో అవి బ్రహ్మాండంగా పనిచేశాయి. కాయతొలిచే శనగపచ్చ పురుగు మందు కొట్టిన మర్నాటికే రాలిపోయేది. తర్వాత తెల్లదోమ విరుచుకుపడింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, అది విసర్జించే జిగురు మీద నల్లటి మసి పట్టి చేను చేనంతా మాడినట్టవుతుంది. రైతు మళ్లీ కొట్టాడు. తగ్గకపోతే మోతాదు పెంచాడు, రెండు మూడు మందులు కలిపి కొట్టాడు. మందుల షాపులో ఖాతా పెరిగింది. ఆ మందు తెల్లదోమను తినే మిత్ర పురుగులను ముందే చంపేసింది, కాబట్టి కొట్టినకొద్దీ దోమకు ఎదురు లేకుండా పోయింది. శనగపచ్చ పురుగేమో ఆ మందులకు లొంగడమే మానేసింది. 1987-88లో ఈ జిల్లాల పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్నారు. పత్తి రైతుల ఆత్మహత్యలు అనే మాట రాష్ట్రమంతా వినబడింది అప్పుడే. కౌలు కట్టి, అప్పు తెచ్చి, ఎండలో డబ్బా భుజాన వేసుకుని తిరిగిన ఆ రైతుల్లో సోమరులు లేరు. కష్టపడకపోవడం వల్ల వచ్చిన నష్టం కాదది. ఒకే వైపు నిలబడి, ఒకే పనిని మరింత గట్టిగా చేయడం వల్ల వచ్చింది.

స్టడీ అవర్లు పెంచుకుంటూ పోయే మన చదువు నాకు సరిగ్గా ఆ స్ప్రేయింగులా కనిపిస్తుంది.

ఆ స్ప్రేయింగుకు విరుగుడు కూడా పొలంలోంచే వచ్చింది. ఇండోనేషియాలో వరిని సుడిదోమ నాశనం చేస్తుంటే 1986లో అక్కడి ప్రభుత్వం 57 రకాల పురుగుమందులను వరిలో వాడొద్దని నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అక్కడే రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. మన దగ్గరికి అవే పొలంబడులుగా వచ్చాయి. పాతిక ముప్ఫై మంది రైతులు వారానికోసారి చేలో దిగుతారు. చెట్టు మీద ఏ పురుగు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు, పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తారు. అక్షింతల పురుగు ఎవరిని తింటోంది, సాలీడు ఎక్కడ కాపు కాసింది అని తమలో తాము వాదించుకుంటారు. ఆ తర్వాతే మందు కొట్టాలా వద్దా అన్న మాట. పురుగు కనబడగానే డబ్బా అందుకున్న మనిషి ముందుగా పురుగు ఎలా బతుకుతోందో చూడటం నేర్చుకున్నాడు. పెద్దవాళ్లు తమ ఆలోచనను మార్చుకున్న తీరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ మనస్తత్వ శాస్త్ర పుస్తకంలోనూ దొరకలేదు.

2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడినప్పుడు పూతంతా రాలిపోయి, చేలకు చేలు పీకేసిన సంగతి ఇప్పటి పిల్లలకు స్వయంగా తెలుసు. ఆ తర్వాత మిరప చేలలో నీలం రంగు జిగురు అట్టలు వేలాడటం కూడా వాళ్లు చూశారు. తరగతిలో అడిగాను: తెల్లదోమకు పసుపు అట్ట, తామర పురుగుకు నీలం అట్ట, ఎందుకలా? బయాలజీ అంటేనే భయమనే అమ్మాయి తడుముకోకుండా చెప్పింది: "దానికి ఆ రంగంటే ఇష్టం సార్, మనకు నచ్చిన రంగు పెడితే రాదుగా." ఎవరో పురుగు కంటితో లోకాన్ని చూశారు కాబట్టే ఆ అట్ట పుట్టింది. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశాను, సిలబస్ కాస్త వెనకబడినా.

ఇదే చూపును మనుషుల మీదికి మళ్లించడం కష్టం. ముఖ్యంగా పదిహేనేళ్ల వయసులో. ఆ వయసువాళ్లకు లోకమంతా తమనే చూస్తోందనిపిస్తుంది, తాము మాత్రం ఎవర్నీ చూడరు. నేను చేయించే పని చిన్నది. ఒక తప్పు జవాబు పేరు లేకుండా బోర్డు మీద రాస్తాను. 0.6 కంటే 0.45 పెద్దది అని ఎవరో రాశారనుకోండి. తప్పని అందరూ అరుస్తారు. తప్పో ఒప్పో నాకక్కర్లేదు, రాసినవాడు ఏమనుకుని రాసి ఉంటాడో చెప్పమంటాను. కాసేపటికి ఒకరికి తడుతుంది: ఆరు కంటే నలభై అయిదు పెద్దది కదా, చుక్కను పట్టించుకోలేదు. అంటే ఆ తప్పుకు ఒక లెక్క ఉంది, అది బుర్ర లేకపోవడం కాదు. ఇతరుల తప్పులో ఆలోచనను వెతికిన పిల్ల తర్వాత తన తప్పును చూసి అంత తొందరగా ఏడవదు.

పరిశోధకులూ ఈ దారినే పోయారు. 2002లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల చేత తమకంటే చిన్న తరగతుల పిల్లలకు ఉత్తరాలు రాయించారు, తెలివి పెరిగేదేనని ధైర్యం చెబుతూ. నిజానికి ఆ చిన్నపిల్లలు లేరు. ఉత్తరాలు రాసినవాళ్లకే చదువు మీద ఇష్టం, మార్కులు పెరిగాయి. 2019లో అమెరికాలో దాదాపు 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, గంటకు మించని ఆన్‌లైన్ పాఠంతో వెనకబడిన పిల్లల సగటు గ్రేడు 0.1 పాయింటు పెరిగింది. అదీ తోటి పిల్లలు కష్టమైన పనికి వెనకాడని బళ్లలోనే ఎక్కువగా పనిచేసింది. 0.1 అంటే చిన్న అంకే. దాన్ని మంత్రంలా అమ్మేవాళ్లు ఆ అంకెను ఫ్లెక్సీ మీద వేయరు.

ఎవరి వైపు నుంచి చూడాలో ఒక కవి ముందే చూపించాడు. వినుకొండలో పుట్టి, పంతులుగా బతికిన జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. శివుడికి కబురు పంపడానికి హంసో మేఘమో కాకుండా అపశకునమని అందరూ తరిమే ప్రాణిని ఎంచుకున్నాడు. అంటరానివాడని దూరం పెట్టిన మనిషికి గుడిలోకి లేని ప్రవేశం దానికి ఉంది మరి. ఎక్కడ నిలబడి చూస్తే అన్యాయం కనబడుతుందో ఆ కవికి తెలుసు. మా పిల్లలకు ఈ కావ్యం గురించి చెప్పాక, ఇతరుల వైపు నుంచి చూడటమంటే తరగతిలో ఫస్టొచ్చినవాడి వైపు నుంచి చూడటం కాదని వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఎందుకంటే అసలు పరీక్ష మా చేల గట్ల మీదే ఉంది. సంక్రాంతి దాటాక మిరప కోతలు ముమ్మరమవుతాయి. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వస్తాయి. పిల్లలూ వెంట వస్తారు. పదో తరగతి పరీక్షలూ మార్చిలోనే. పాలిథిన్ పట్టా గుడారంలో తమ్ముణ్ణి చూసుకుంటూ కూర్చున్న పిల్లకు "నీ మెదడు కండరంలాంటిది, వాడితే పెరుగుతుంది" అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ పిల్లకు తక్కువైంది పట్టుదల కాదు. ఫిబ్రవరి నెల తక్కువైంది. ఈ తేడా చూడలేని గ్రోత్ మైండ్‌సెట్ పాఠం ఓడినవాడిదే తప్పని కాస్త మర్యాదగా చెబుతుంది, అంతే.

అలా కోతకొచ్చిన తమ వయసు అమ్మాయికి ఉత్తరం రాయమని పిల్లలకు చెప్పాను. సొంత పొలమున్న ఇంటి కుర్రాడు చక్కటి దస్తూరీతో రాశాడు: రోజూ బడికి రా, పట్టుదలగా చదువు, సాధించలేనిది లేదు. చదివి వినిపించగానే పక్క బెంచీ పిల్ల అడిగింది: "తమ్ముణ్ణి ఎవరు ఎత్తుకుంటారు? మీ అమ్మా?" క్లాసు గొల్లుమంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి కానీ కాగితం చించి మళ్లీ రాశాడు. రెండో ఉత్తరంలో సలహా ఒక్కటీ లేదు. ఫిజికల్ సైన్స్ నోట్సు రెండో కాపీ రాస్తున్నానని, సాయంత్రం కళ్లం దగ్గరికి తెచ్చిస్తే చదువుకోవడానికి వీలవుతుందా అని అడిగాడు. ఉత్తరం అందించాం. జవాబు ఆ పిల్ల నోటిమాటగానే పంపింది. సాయంత్రం కుదరదట, వంట తనదేనట. తేవాలనుకుంటే మధ్యాహ్నం అన్నాలప్పుడు తెమ్మంది, లెక్కల నోట్సు కూడా.