తీర్పు లేని న్యాయం

తగవులో తప్పెవరిదో తేల్చడం న్యాయమా, తగవుపడ్డవారు మళ్లీ కలిసి మెలిగేలా చేయడం న్యాయమా అన్నది ధర్మచింతనలో ఎంతో పాత ప్రశ్న. ఉన్నత పాఠశాలల్లో విద్యార్థుల తగవులను తోటి విద్యార్థులే పరిష్కరించే ‘సహపాఠి మధ్యవర్తిత్వం’ ఆ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. ఈ పద్ధతిలో శిక్షణ పొందిన విద్యార్థులు ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డుపడకూడదన్న నియమం పెట్టి, విన్నదాన్ని విన్నవారిచేతనే తిరిగి చెప్పించి, ఇద్దరికీ సమ్మతమైన ఒప్పందానికి వారిని తీసుకువస్తారు. తీర్పు చెప్పే అధికారం గాని, శిక్ష విధించే అధికారం గాని ఈ మధ్యవర్తులకు ఉండదు.

ఈ పద్ధతి మూలాల్లో మతవిశ్వాసానికి చోటుంది. ప్రతి మనిషిలోనూ దైవాంశ ఉందని నమ్మి, హింసను తిరస్కరించే క్రైస్తవ శాఖకు చెందిన క్వేకర్లు 1972లో న్యూయార్క్ బడుల్లో ఇటువంటి శిక్షణకు బాట వేశారు. నార్వే నేరశాస్త్రవేత్త నీల్స్ క్రిస్టీ 1977లో ప్రచురించిన వ్యాసంలో, తగవు తగవుపడ్డవారి సొత్తనీ, దాన్ని న్యాయవాదుల వంటి వృత్తినిపుణులు వారి చేతుల్లోంచి లాక్కుంటున్నారనీ వాదించి, ఈ ధోరణికి తాత్త్విక బలం చేకూర్చాడు. ప్రధానోపాధ్యాయుడి గదిలో తేలిపోయే తగవుకూ ఈ మాట వర్తిస్తుంది: అక్కడ శిక్ష పడినవాడికి తన శిక్షే గుర్తుంటుంది గాని, ఎదుటివాడి బాధ చెవినపడే అవకాశం తక్కువ.

అధికారం తీర్చలేని తగవులుంటాయని బౌద్ధం గుర్తించింది. కౌశాంబిలో ఒక ధర్మబోధకుడు మరుగుదొడ్డిలోని పాత్రలో నీళ్లు మిగిల్చి వచ్చాడనీ, అది దోషమా కాదా అన్న వాదం సంఘ నియమాలు తెలిసిన భిక్షువైన వినయధరుడి శిష్యుల దాకా పాకి సంఘాన్ని రెండుగా చీల్చిందనీ ధమ్మపద వ్యాఖ్యానం చెబుతుంది. స్వయంగా బుద్ధుడు నచ్చజెప్పినా భిక్షువులు వినకపోవడంతో ఆయన వారిని విడిచి అడవికి వెళ్లాడు. ఊరివారు భిక్ష మానేసిన తరువాతనే వారు దారికి వచ్చారు. గురువు మాటకు లొంగని పట్టుదల, తమతో కలిసి బతికేవారి అసమ్మతికి లొంగింది.

బౌద్ధ సంఘ నియమావళి అయిన వినయపిటకం తగవులు అణచడానికి ఏడు పద్ధతులు చెప్పింది. వాటిలో చివరిది ‘తిణవత్థారకం’, అంటే గడ్డి కప్పడం. తవ్వినకొద్దీ కలహం పెరుగుతుందనుకున్నప్పుడు, ఒక్కో పక్షం నుంచి సమర్థుడైన భిక్షువు లేచి, తన తప్పులనూ తనవారి తప్పులనూ సంఘం ఎదుట ఒప్పుకుంటాడు. ఇక్కడ ఎవరి తప్పు ఎంతన్న లెక్క ఉండదు. అయితే ఘోరమైన తప్పులకూ, గృహస్థులకు సంబంధించిన తప్పులకూ ఈ గడ్డి కప్పు వర్తించదన్న మినహాయింపు ఆ నియమంలోనే ఉంది. సంఘంలోని సమానుల మధ్య రేగిన కలహాన్ని చల్లార్చే ఉపాయం, బయటివారికి జరిగిన అన్యాయాన్ని కప్పిపుచ్చే సాధనం కాకూడదన్న వివేకం ఇందులో ఉందని చెప్పవచ్చు.

నేటి బడికి కావలసిన హద్దు కూడా ఇదే. బెంచీ మీద చోటు గురించో, ఆటలో వచ్చిన మాటా మాటా గురించో రేగిన గొడవలో ఇరుపక్షాల బలం ఇంచుమించు సమానం కనుక, రాజీ ఇద్దరికీ గౌరవం మిగులుస్తుంది. ఒకడిని పదిమంది కలిసి వేధించినప్పుడు, కులం పేరుతో అవమానించినప్పుడు బాధితుడిని రాజీకి కూర్చోబెట్టడమంటే బలవంతుడి వైపు తూగడమే. లైంగిక వేధింపుల విషయంలోనైతే 2012 నాటి పోక్సో చట్టం ఫిర్యాదును తప్పనిసరి చేసింది గనుక రాజీ ప్రసక్తే లేదు. కాబట్టి సయోధ్య న్యాయానికి ప్రత్యామ్నాయం కాదు. సమానుల మధ్య, స్వచ్ఛందంగా కుదిరినప్పుడు మాత్రమే అది న్యాయమవుతుంది. ఏ తగవు పిల్లల చేతికి ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో ముందే తేల్చిచెప్పడం పెద్దలు తప్పించుకోరాని బాధ్యత.