తిమ్మిరెక్కిన వైరాగ్యం

అంగళ్లు, మదనపల్లె మార్కెట్లలో టమోటా సీజన్ జోరుగా ఉన్నప్పుడు హమాలీల నడుములకు తెల్లవారుజాము నుంచే పని. పాతిక, ముప్పై కిలోల క్రేటు వంగి ఎత్తాలి, ఎత్తినదాన్ని పట్టుకునే పక్కకు తిరగాలి. వంగడం, బరువు, మెలిక మూడూ కలిసిన చోటే నడుము డిస్కుకు ముప్పు. కురబలకోట మండలంలో ఏ పల్లెకు వెళ్లినా అరుగు మీద చెయ్యి ఆనించి మెల్లగా లేస్తూ ‘నరం పట్టేసింది సార్’ అనే మనిషి ఒకరైనా కనిపిస్తారు. నొప్పి పిరుదులో మొదలై తొడ వెనకగా పిక్కలోకి దిగుతుంది. దగ్గితే, తుమ్మితే కరెంటు కొట్టినట్టు ఉంటుంది.

కొన్నాళ్లకు అదే మనిషి మొహం తేటపడుతుంది. ‘స్వామి దయ, నొప్పి పోయింది. కాలు కొంచెం మొద్దుగా ఉంది, అంతే’ అంటాడు. ఆ మాట విన్న డాక్టరు మాత్రం సంతోషించడు. కాలి బొటనవేలు పైకెత్తమంటాడు. పాదం మీద దూది రాసి తెలుస్తోందా అని అడుగుతాడు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని ఆరా తీస్తాడు. వెన్నుపూసల మధ్య డిస్కుకు పైన గట్టి వలయం, లోపల మెత్తటి గుజ్జు ఉంటాయి. వలయం చిట్లి గుజ్జు బయటికొచ్చి నరం మొదలును ఒత్తితే అక్కడ వాపు, కాల్లో నొప్పి. ఒత్తిడి మరీ ఎక్కువైతే నరంలో కబురు నడవడం ఆగిపోతుంది. స్పర్శ పోతుంది, ఆ తర్వాత బలమూ పోతుంది. నొప్పి తగ్గి స్పర్శ కూడా తిరిగొస్తే అది నయం కావడం. నొప్పి తగ్గి మొద్దుబారడం పెరిగితే జబ్బు ముదిరినట్టే.

భక్తి విషయంలో మనకు ఈ లెక్క గుర్తుండదు. సొంత ఇంట్లో చావు జరిగినా కన్నీరు పెట్టని మనిషిని చూసి ఎంత వైరాగ్యమో అంటాం. ధర పడిపోయి టమోటాలు రోడ్డు మీద పారబోసిన రైతు సంగతి ఎత్తితే ‘ఎవరి కర్మ వారిది’ అని మాలలో మరో పూస జరిపేవాణ్ని జ్ఞాని అనుకుంటాం. ఆయన గట్టు దాటాడో, ఆయన లోపల ఏదో నరం నలిగిందో ఎవరమూ పరీక్షించం. దూదితో రాసి చూడటానికి అక్కడ పాదం లేదు మరి.

గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడికి కృష్ణుడు తాబేలును పోలికగా తెచ్చాడు. మన ఉపన్యాసకులు చాలామంది అది ముడుచుకోవడం దగ్గరే ఆగిపోతారు. ముడుచుకున్న కాళ్లను తాబేలు మళ్లీ చాపుతుంది, నడుస్తుంది, చెరువులోకి దిగుతుంది. లోపలికి తీసుకోవడం, బయటికి చాపడం రెండూ దాని వశంలో ఉన్నాయి. తిమ్మిరెక్కిన కాలికి ఆ వశం లేదు. చలి, వేడి, సుఖం, దుఃఖం వచ్చిపోయేవనీ, ఓర్చుకోమనీ అదే అధ్యాయంలో అంతకుముందే అర్జునుడికి చెప్పి ఉన్నాడు. ఓర్చుకోవాలంటే ముందు తెలియాలి కదా! తెట్టు వేణుగోపాలస్వామి గుడిలో వేసవి మధ్యాహ్నం ప్రదక్షిణకు దిగితే బండలు కాలుతుంటాయి. మంచి పాదం చురుక్కుమని లేస్తుంది, మొద్దుబారినది నింపాదిగా అక్కడే ఆనుకుని ఉంటుంది. ఇంటికెళ్లి చూసుకుంటే బొబ్బ ఆ నింపాది పాదానికే.

ఈ మండలంలోనే ఉన్న ఋషివ్యాలీ పాఠశాలను తలుచుకోకుండా ఇక్కడ ఆధ్యాత్మికం మాట్లాడలేం. దాన్ని స్థాపించిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. 1925 నవంబరులో ఓడలో భారతదేశానికి వస్తుండగా, కాలిఫోర్నియాలోని ఒహాయ్‌లో తమ్ముడు నిత్యానంద క్షయతో చనిపోయాడని తంతి వచ్చింది. తమ్ముణ్ని దివ్యజ్ఞాన సమాజంవారు నమ్మే మహాత్ములు కాపాడతారని అప్పటిదాకా గట్టిగా నమ్మారాయన. ఓడలో అదే గదిలో ఉన్న బి. శివరావు తర్వాత చెప్పిన సంగతి ఇది: రాత్రుళ్లు కృష్ణమూర్తి వెక్కివెక్కి ఏడుస్తూ నిత్యను పిలిచేవారట, ఒక్కోసారి తెలుగులో. మెలకువలో ఆయనకు అప్పటికే తెలుగు రాదు. కొద్దిరోజుల తర్వాత కొలంబోలో దిగేసరికి మొహంలో ప్రశాంతత ఉంది. నాకైతే ఆ ప్రశాంతత కంటే ఆ ఏడుపు మీదే నమ్మకం ఎక్కువ. అది లేకుండా వచ్చి ఉంటే ఆ నెమ్మదిని నేను అనుమానించేవాణ్ని. ఆ తర్వాత 60 ఏళ్లు ఆయన అడుగుతూ వచ్చింది కూడా మనసు మొద్దుబారకుండా చూసుకోమనే.

వెన్నునొప్పి మాట వస్తే ఆయన పేరు ఇంకో రకంగానూ వినిపిస్తుంది. 1922 ఆగస్టులో ఒహాయ్‌లో మెడ వెనక, వెన్నులో తీవ్రమైన నొప్పి పడ్డారు. అది ఏళ్ల తరబడి వస్తూపోతూ ఉండేది. కుండలిని అన్నవారున్నారు. అదేమిటో తేల్చే పని నాది కాదు. అయితే నడుములో మంట మొదలవగానే తమకూ శక్తి లేచిందని మురిసి, ఆసనాలు ఇంకా పెంచి, చివరికి నడవలేక వచ్చే సాధకులు ఉంటారు. మూలాధారం అని చెప్పే చోటు, డిస్కు ఎక్కువగా జారే చోటు దగ్గరదగ్గరగా ఉండటంతో వచ్చిన చిక్కిది. ముందు డాక్టరుకు చూపించుకుని, లేచింది శక్తా, జారింది డిస్కా అన్నది తేల్చుకోవడం మేలు. నొప్పిని భరించడమే తపస్సనే వాళ్లకు మరో సంగతి: క్లోమగ్రంథి క్యాన్సర్‌తో 1986 ఫిబ్రవరి 17న కన్నుమూసే ముందు కృష్ణమూర్తి డాక్టరిచ్చిన నొప్పి మందులు తీసుకున్నారు.

డిస్కు జారిన వాళ్లలో చాలామందికి మందులు, ఫిజియోథెరపీ, ఓపిక మేరకు నడకతో కొన్ని వారాల్లోనే తేలికపడుతుంది. ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే. రోజుల తరబడి మంచం పట్టడం మంచిది కాదు. పాదం పైకి లేవకపోతే మాత్రం వెంటనే చూపించుకోవాలి. తొడల మధ్య, పీట మీద ఆనే చోట స్పర్శ పోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అది గంటల మీద నడిచే వ్యవహారం. ఏ రాత్రయినా పెద్దాసుపత్రికి బయల్దేరాల్సిందే, ముడుపు తర్వాత కట్టుకోవచ్చు. ఇలాంటివి మగవాళ్లు సిగ్గుపడి చెప్పరు. కాళ్లు తిమ్మిర్లని పడుకున్న మనిషిని ‘ఒంటేలు సరిగ్గా వస్తోందా?’ అని ఇంట్లోవాళ్లే అడగాలి.