పొలిమేర దాటిన నేరం

ఒక రాష్ట్రంలో నేరం చేసి మరో రాష్ట్రానికి పారిపోయిన మనిషి వెంట అతని దోషమూ పొలిమేర దాటుతుందనడంలో ఏ ధర్మచింతనకూ సందేహం లేదు. కర్మకు సరిహద్దు రాళ్లు లేవు. అతన్ని తరిమే అధికారం కూడా అంతే స్వేచ్ఛగా దాటిపోవచ్చునా అన్నది మాత్రం వేరే ప్రశ్న.

భారత రాజ్యాంగంలో పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాకు చెందినదే అయినా, వారంటు లేకుండా అరెస్టు చేయదగిన వ్యక్తిని దేశంలో ఎక్కడికైనా వెంబడించవచ్చునని 2023 నాటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 45వ సెక్షను చెబుతుంది. దీనికి పగ్గం 22వ అధికరణంలో ఉంది: పట్టుబడినవాణ్ణి, ప్రయాణానికి పట్టే సమయం మినహా, 24 గంటల్లోగా సమీప మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అతన్ని నేరం జరిగిన రాష్ట్రానికి తీసుకుపోవడానికి పట్టుబడిన చోటి మేజిస్ట్రేటు ఇచ్చే కస్టడీ ఉత్తర్వునే ట్రాన్సిట్ రిమాండ్ అంటారు. విజయవాడ నుంచి వెళ్లిన అధికారి ఒడిశాలోని ఒక చిన్న కోర్టులో కేస్ డైరీ పట్టుకొని నిలబడి, తన మాటను సహజంగా నమ్మే అలవాటు లేని న్యాయాధికారికి కారణం చెప్పుకోవలసి రావడంలోనే సరిహద్దుకున్న నైతిక విలువ ఉంది.

హెబ్రీ ధర్మశాస్త్రంలోని ఆరు ఆశ్రయపురాలు, అంటే పొరపాటున ప్రాణం తీసినవాడు హతుని బంధువుల పగకు చిక్కకుండా చేరుకొనే పట్టణాలు, ఈ ఆలోచనకు ప్రాచీన రూపం. పారిపోయి వచ్చినవాడు నేరుగా లోపలికి పోడు. గవిని దగ్గర నిలిచి పెద్దలకు తన సంగతి విన్నవించుకుంటాడు, కావాలని చంపాడని తేలితే అతని సొంత ఊరి పెద్దలు అతన్ని రప్పించి అప్పగిస్తారు. ఆ గవిని దోషికి గొడుగు పట్టదు, తరిమేవాడి చేతిని మాత్రం కాసేపు ఆపుతుంది.

తరిమేవారి చట్టమే అధర్మమైతే ఆ విరామం మరింత విలువైనది. కెంటకీలో బానిసగా ఉన్న స్త్రీ పారిపోవడానికి తోడ్పడ్డాడన్న అభియోగంపై విల్లిస్ లాగో అనే స్వతంత్ర నల్లజాతీయుణ్ణి అప్పగించమని ఆ రాష్ట్రం కోరగా, ఒహాయో గవర్నరు విలియం డెన్నిసన్ నిరాకరించాడు. అప్పగింత గవర్నరు విధే అయినా బలవంతం చేసే అధికారం తమకు లేదని 1861లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పును 1987లో అదే కోర్టు తోసిపుచ్చింది. బానిసత్వం పోయిన దేశంలో ఆ మార్పు సబబే, కానీ గవిని దగ్గరి విచారణ అవసరం దానితో తీరిపోలేదు. తెలుగు తప్ప మరో భాష రాని వలస కూలీ పరాయి రాష్ట్రపు కోర్టులో చేతులు కట్టుకొని నిలబడినప్పుడు, తనను ఎందుకు పట్టుకున్నారో అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పారా అని మేజిస్ట్రేటు అడగవలసిందే.