మాయల ఫకీరు ఏ యాసలో మాట్లాడతాడు?

భయపెట్టే కథలు వినడం తప్పా అని ఎవరైనా మమ్మల్ని అడిగితే కాదనే చెప్తాం. జిన్నుల కథ వినకుండా పెరిగిన ముస్లిం పిల్లలున్నారా? చింతచెట్టు దయ్యం, కొరివిదయ్యం లేకుండా పెరిగిన తెలుగు పిల్లలున్నారా? మేం రెండూ విన్నాం. ఇంట్లో ఉర్దూ జిన్ను, వాకిట్లో తెలుగు దయ్యం. రెండు భాషల్లోనూ వణికాం. రెండు భాషల్లోనూ 'మళ్లీ చెప్పు' అని మారాం చేశాం. కాబట్టి మా పేచీ భయంతో కాదు. ఆ భయానికి గొంతు ఇచ్చేవాళ్లతో.

ఇప్పుడు కథ చెవిలోకే వచ్చి కూర్చుంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు రాత్రి షిఫ్టు కార్మికుల్ని తీసుకెళ్లే బస్సుల్లో చూడండి. సగం మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటాయి. కొందరికి పాటలు, కొందరికి దయ్యాల కథలు, మాంత్రికుల కథలు. పాకెట్ ఎఫ్‌ఎం, కుకు ఎఫ్‌ఎం లాంటి యాప్‌లు తెలుగులోనూ వందల భాగాల కథలు వినిపిస్తున్నాయి. పగలంతా రసాయనాల వాసన పీల్చినవాడికి రాత్రి దయ్యం ఎందుకని కొందరు పెద్దమనుషులు నవ్వుతారు. వాళ్లకు ఈ నేల తెలియదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చచ్చిపోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకొచ్చినవాళ్లు. ఇక్కడి మనిషికి నిజమైన భయం ఏమిటో తెలుసు. దానికి అంతం కనపడదు. కథలోని భయానికి ఒక అంతం ఉంటుంది. అందుకే వింటాడు. మేమూ అందుకే వింటాం.

వినేవాళ్లుగా మాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. భయం అరిస్తే రాదు, ఆగితే వస్తుంది. తలుపు చప్పుడైందని చెప్పి ఒక్క క్షణం ఊరుకునేవాడు మంచి కథకుడు. ఆ క్షణాన్ని కూడా కీచు సంగీతంతో నింపేవాడికి తన కథ మీద నమ్మకం లేనట్టే. వినేవాడి చీకటిని వినేవాడికి వదిలెయ్యాలి. మా ఇళ్లల్లో దాదీలు, నానీలు ఈ పని చదువు లేకుండానే చేశారు. ఇప్పటి కథకుల్లో కూడా చేయగలిగినవాళ్లున్నారు. వాళ్లకు మా సలాం.

అయితే కథలోకి ఒక ఫకీరు వస్తాడు. అంతదాకా శుద్ధమైన తెలుగులో నడిచిన కథ ఒక్కసారి యాస మారుతుంది. 'నీకి', 'నాకి' అని మొదలవుతుంది. 'ళ' పోయి 'ల' అవుతుంది. ఆడదానికి మగ క్రియ, మగవాడికి ఆడ క్రియ పడతాయి. గొంతు బొంగురుపోతుంది. అగరొత్తుల పొగ మనకు కనపడదు గానీ ఆ యాసలోనే పొగ కూడా వేస్తారు. సదాశివపేట నుంచి షిఫ్టుకు వచ్చే ఒక కుర్రాడు మాతో అన్నాడు: "ఆ ఫకీరు అచ్చం మా దాదీ లెక్క మాట్లాడిండు భాయ్. దోస్తులు నవ్విన్రు. నేను గూడ నవ్విన. నవ్వినంక ఎట్లనో అయింది."

ఆ 'ఎట్లనో' ఏమిటో తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

కాగితం మీద ఫకీరు ఒక మాట. వాడి మొహం చదివేవాడు కట్టుకుంటాడు. చెవిలో అలా కాదు. గొంతుకు చిరునామా ఉంటుంది. ఏ ఊరు, ఏ వాడ, ఏ ఇల్లు అన్నది రెండు ముక్కల్లో తెలిసిపోతుంది. 'తురక తెలుగు' అని నవ్వే ఆ భాష ఉర్దూ తల్లి ఒళ్లో పుట్టి తెలుగు వీధిలో నడక నేర్చుకున్నవాళ్లది. తడబాటుంది, నిజమే. అది ఇద్దరు తల్లుల బిడ్డ తడబాటు. దాన్ని మంత్రగాడి నోట్లో పెడితే భయపడేవాళ్లకు ఒక చిరునామా దొరుకుతుంది.

న్యాయంగా మాట్లాడుకుందాం. తెలుగు కథ ఒక్క ఫకీరునే భయపెట్టేవాడిగా చేయలేదు. 1951 నాటి 'పాతాళభైరవి'లో ఎస్వీ రంగారావు వేసింది నేపాళ మాంత్రికుడి వేషం. 1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ'లో గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. అదే కథ ఊళ్లల్లో చెప్పుకునేటప్పుడు వాడు కొన్నిచోట్ల మరాఠీ, కొన్నిచోట్ల ఫకీరు. బిచ్చానికి వచ్చి ఇల్లాలిని ఎత్తుకుపోతాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. మొత్తానికి మంత్రగాడు ఎప్పుడూ పొరుగూరివాడే. ఇది తెలుగువాళ్ల ఒక్కరి అలవాటు కాదు. అల్లావుద్దీన్ కథలో దొంగ మామ మగ్రిబ్ నుంచి, అంటే కథ చెప్పుకునేవాళ్లకు బహుదూరమైన పడమటి దేశం నుంచి వస్తాడు.

మరి మా కథలో? అమీర్ హమ్జా దాస్తాన్ మాది అని గర్వంగా చెప్పుకుంటాం. ఈ పటాన్‌చెరుకు ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలోని గోల్కొండలో, అబ్దుల్లా కుతుబ్‌షా దర్బారులో హాజీ కిస్సాఖాన్ హమదానీ ఆ కథను పర్షియన్‌లో కూర్చాడు. తర్వాత లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ ఉర్దూలో 46 సంపుటాలు అచ్చేసింది. ఆ ప్రెస్సు యజమాని హిందువని కూడా గుర్తుంచుకోవాలి. అందులో 'తిలిస్మె హోష్‌రుబా' మాయాలోకం ముందు ఇప్పటి ఇంగ్లీషు ఫాంటసీలు చిన్నబోతాయి. కానీ ఆ లోకంలో మాంత్రికులంతా ఎవరు? అబద్ధపు దేవుళ్లను కొలిచే అవిశ్వాసులు. హమ్జా పక్షానికి వచ్చి కలిస్తే మంచివాళ్లు, రాకపోతే చచ్చేవాళ్లు. మరి మా భయానికి కూడా మేం ఇంకొకరి మొహం తగిలించినట్టే కదా! ఈ సంగతి దాచి, బాలనాగమ్మ కథను మాత్రమే బోనులో నిలబెడితే అది న్యాయం కాదు.

అయితే ఒక తేడా ఉంది. నేపాళ మాంత్రికుడు తెలుగు వీధిలో లేడు. మగ్రిబ్ మంత్రగాడు బాగ్దాద్ సందులో లేడు. దూరాన ఉన్నవాడి మీద చెప్పిన కథ గాల్లో కలిసిపోతుంది. ఫకీరు మాత్రం ఇక్కడే ఉన్నాడు. గురువారంనాడు సంగారెడ్డి బజారులో దుకాణం దుకాణానికి ఊదు పొగ వేసి, నెమలి ఈకల కట్టతో తల నిమిరి, రూపాయో రెండో పుచ్చుకుని పోతాడు. సాయంత్రం నమాజు ముగిసే వేళకు మసీదు గేటు దగ్గర చంటిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడతారు. వాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎందరో. నమాజు చదివి వచ్చేవాళ్లు ఆ పిల్లల మీద దువా ఊదుతారు. ఎందుకు? పిల్ల జడుసుకుందని. మా తావీజే మీ తాయెత్తు. మీ పిల్లల భయం పోగొట్టే ఊపిరి మాది. మరి చెవిలో భయం పుట్టించే ఊపిరి కూడా మాదే ఎలా అయింది?

'కథే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు?' అంటారు. భయం కథ దగ్గరే ఆగేట్టయితే మేమూ అదే అందుం. ఈ పాత మెదక్ జిల్లా ఆ మాట అననివ్వదు. బాణామతి పేరు ఇక్కడ తెలియని ఊరు లేదు. 1980లలో అది ఈ పల్లెలను కుదిపేసింది. ఎవరికో జ్వరం, ఎవరికో పూనకం. వెంటనే ఒక కథ పుట్టేది. ఆ కథకు ఒక మంత్రగాడు కావాలి. ఊళ్లో అందరికంటే బలహీనుణ్ణి, ఒంటరిగా బతికే ముసలిదాన్ని చూపించేవాళ్లు. పట్టుకుని పళ్లు పీకేవాళ్లు. చెట్టుకు కట్టి కాల్చిన సంఘటనలూ ఉన్నాయి. కథ ఎవరిది? ఊరందరిది. పళ్లు ఎవరివి? ఒక్కరివి.

అదంతా పాతకాలం అనుకోవడానికి లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ తెలంగాణ అంతా ఫోన్లలో పుకార్లు తిరిగాయి. ఒక గొంతు, వణుకుతూ, నమ్మకంగా. ఎవరి గొంతో ఎవరికీ తెలియదు. హిందీ మాట్లాడినవాళ్లను, కొత్తగా కనపడినవాళ్లను పట్టుకుని కొట్టారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపారు. చాంద్రాయణగుట్ట ఎక్కడుంది? పాతబస్తీలో, మా జనం మధ్యన. యాస విని మనిషిని దయ్యం చేసే జబ్బుకు మతం లేదు. బిచ్చానికి వచ్చి ఎత్తుకుపోయేవాడి కథ మనలో ఎంత లోతుగా ఉందో ఆ నెలలో బయటపడింది.

కథకుడు హంతకుడని మేం అనడం లేదు. దయ్యాల కథ విని ఎవడూ కర్ర పట్టుకోడు. కానీ కర్ర పట్టుకునే రోజు వచ్చినప్పుడు ఎవరివైపు చూడాలో చెవికి ముందే నేర్పినవాళ్లెవరు? ఆ బాధ్యతలో చెప్పేవాడికి కొంత వాటా ఉంది. చెప్పే సరుకంతా గొంతే అయినప్పుడు ఆ వాటా ఇంకా పెద్దది.

మరి ఫకీరు పాత్రే వద్దా? ముస్లిం చెడ్డవాడు కథలో ఉండకూడదా? ఉండొచ్చు. మాలో మోసగాళ్లు, తావీజుల పేరుతో డబ్బు గుంజేవాళ్లు లేరా? వాళ్ల గురించి రాయండి, మేమూ రాస్తాం. మేం అడిగేది ఒకటే. కథలో నాయకుడు నిద్రలో కూడా శుద్ధ తెలుగే మాట్లాడినప్పుడు, కోమటి, రెడ్డి, పట్వారీ అందరికీ ఒకే గొంతు సరిపోయినప్పుడు, ఒక్క ఫకీరుకే ప్రత్యేకంగా యాస ఎందుకు తొడుగుతున్నారు? ఆ కథలో మంచి ముస్లిం, తల్లి ముస్లిం, ప్రేమించే ముస్లిం అదే యాసలో ఒక్క మాటైనా మాట్లాడారా? మాట్లాడి ఉంటే ఫకీరు యాస మాకు గుచ్చుకోదు. అది మనుషుల యాసల్లో ఒకటి అవుతుంది. భయానికి మాత్రమే ఆ యాస వాడితే అది మా మీద వేసిన ముద్ర.

కొందరు షేక్ నాజర్ పేరు చెప్తారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన ఆ దూదేకుల బిడ్డ బుర్రకథకే పెద్ద దిక్కయ్యాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పల్నాటి యుద్ధం చెప్తుంటే జనం మతం అడగలేదు, నిజమే. ఆయన మాకూ గర్వకారణం. కానీ ఆయన ఇంటి భాషే తెలుగు. మా దాదీ భాష అది కాదు. తెలుగు తడబడకుండా మాట్లాడే ముస్లిం గొంతును నెత్తిన పెట్టుకున్నవాళ్లు, తడబడే ముస్లిం గొంతును కూడా మనిషి గొంతుగా వినగలరా అన్నదే మా ప్రశ్న.

నాజర్ కళలోనే దీనికి ఒక దారి ఉంది. బుర్రకథలో కథకుడు ఒంటరివాడు కాదు. పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. కథ హద్దు మీరితే మధ్యలో ఆపి నిలదీస్తారు. ఇంట్లో కథ చెప్పే అవ్వకైనా ఎదురుగా 'ఊ' కొట్టేవాళ్లుంటారు. ఆ 'ఊ' ఆగిపోతే అవ్వ ఆగుతుంది. 'ఏమైంది బిడ్డా?' అని అడుగుతుంది. చెవిలోని కథకుడికి ఈ కట్టడి లేదు. మేం 'ఊ' కొట్టినా ఆయనకు వినపడదు, మానేసినా వినపడదు. అందుకని ఆ వినేవాణ్ణి ఆయనే ఊహించుకోవాలి. మైకు ముందు కూర్చున్నప్పుడు ఎదుటి చాప మీద అందర్నీ కూర్చోబెట్టుకోవాలి. గురువారం ఊదు వేసే ఫకీరును, షిఫ్టు బస్సులో బీహారీని, బాణామతి పేరున పళ్లు పోగొట్టుకున్న ముసలమ్మను, ఆ సదాశివపేట దాదీని. వాళ్ల మొహంలోకి చూస్తూ ఆ గొంతు పెట్టగలిగితే పెట్టండి. పెట్టలేకపోతే అది కథకు కావలసిన గొంతు కాదని అర్థం.

అంతమాత్రాన భయం తగ్గిపోదు. మంచి కథకుడికి తలుపు చప్పుడు, ఒక క్షణం మౌనం చాలు. మమ్మల్ని హాయిగా భయపెట్టండి. మేమూ ఆ చాప మీదే ఉన్నాం, ఊ కొట్టేవాళ్లలో.