అడుగకయే చేతికి వచ్చిన ప్రాణి

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:1-3, సామెతలు 12:10

తొలకరి దినములలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట సండే స్కూలు బాలుడొకడు అట్టపెట్టెను రెండు చేతులతో పట్టుకొని మా గుమ్మము ముందు నిలిచెను. పెట్టెలో ఒక ఊసరవెల్లి యున్నది. రోడ్డు వెడల్పు చేయుటకై తుమ్మకంపను నరికినప్పుడు అది నేలమీద పడెనట. తోటి పిల్లలు రాళ్లు రువ్వుచుండగా వీడు దానిని తప్పించి తెచ్చెను. "అయ్యగారండీ, దీన్ని నేను పెంచుకోవచ్చా? ఏం పెట్టాలి?" అని అడిగెను.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఏలయనగా వాని వయస్సులో నేనును ఒక ఊసరవెల్లిని పట్టుకొంటిని. దాని నడుమునకు దారము కట్టి, గాజుసీసాలో నుంచి, అన్నపు మెతుకులు వేసితిని. మూతలో నీళ్లు పోసి పెట్టితిని. అది దేనిని ముట్టలేదు. దినదినమునకు నల్లబడుచుండెను. రంగు మార్చుచున్నదని స్నేహితులను పిలిచి చూపించితిని. నాలుగవ నాడు అది చచ్చెను. నేను దానిని ద్వేషింపలేదు, ప్రేమించుచున్నాననియే యనుకొంటిని. ఆ ప్రేమయే దానిని చంపెను.

మనము కోరకయే మన చేతికి వచ్చిన ప్రాణికి మనము ఏమి ఋణపడియున్నాము? ఈ ప్రశ్నకు లోకమునందు రెండు జవాబులు కలవు. "నేను రమ్మనలేదు గదా, నాకెందుకు?" అనునది మొదటిది. "దొరికినది గనుక నాదే, నా యిష్టము వచ్చినట్లు చేసికొందును" అనునది రెండవది. మోషే ధర్మశాస్త్రము ఈ రెంటిని ఒక్కసారే త్రోసివేయుచున్నది. సహోదరుని ఎద్దు గాని గొఱ్ఱె గాని దారి తప్పి తిరుగుట చూచినవాడు చూడనట్లు పోరాదు. యజమాని దూరముననున్న యెడల, లేక ఎవరో తెలియని యెడల, దానిని తన యింటికి తోలుకొని వచ్చి, అతడు వెదకుచు వచ్చువరకు కాపాడి, తిరిగి అప్పగింపవలెను. అనగా తప్పిపోయిన ప్రాణి మన యింటనున్నను మనది కాదు. మనది కాకపోయినను దాని భారము మనదే.

ఎద్దుకు యజమానుడు కలడు, ఊసరవెల్లికి ఎవరు? అడవిమృగములన్నియు, పొలములలోని జంతువులన్నియు తనవేయని దేవుడు 50వ కీర్తనలో చెప్పుచున్నాడు. లేవీయకాండము 11వ అధ్యాయమందలి అపవిత్ర జీవుల పట్టికలో ఊసరవెల్లి పేరు కలదు గదాయని కొందరందురు. నిజమే. అయితే ఆ పట్టిక ఇశ్రాయేలీయుల ఆహారమును గూర్చియు, కళేబరములను ముట్టుటను గూర్చియు ఇయ్యబడినదే గాని, రాళ్లు రువ్వుటకు సెలవు కాదు.

సామెతలు 12:10లో నీతిమంతుడు తన పశువుయెడల చూపు శ్రద్ధను గూర్చి చెప్పబడినది. హెబ్రీ మూలమందు అక్కడి క్రియకు "ఎరుగుట" అని అర్థము. నీతిమంతుడు దాని ప్రాణమును ఎరుగును. నా బాల్యమందు నాకు ప్రేమ యుండెను, ఎరుక లేకపోయెను.

ఊసరవెల్లి అన్నము తినదు. కదలు పురుగులనే నాలుకతో అందుకొనును. సాధారణముగా గిన్నెలోని నీళ్లు త్రాగదు. ఆకులమీద నిలిచిన బిందువులను నాకును. గాలి ఆడు కొమ్మలు, ఎండ, నీడ దానికి కావలెను. చేతితో పట్టుట దానికి భయము. దానికి విషము లేదు. అది నల్లబడుట వినోదము కాదు. చలియో, భయమో, వ్యాధియో కలిగినదని చెప్పు గుర్తు కావచ్చును. దాని రంగు చుట్టునున్న వస్తువును అనుకరించుటకే మారునని మనము తలంచుదుము. అది ముఖ్యముగా దాని దేహస్థితిని, వేడిమిని, కోపభయములను వెల్లడించును. చర్మములోని సూక్ష్మ స్ఫటికముల నడిమి దూరము మారుటవలన రంగు మారునని 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఒక జాతి ఊసరవెల్లియందు కనుగొనిరి.

ఇది తెలిసిన పిమ్మట నాకు సిగ్గు కలిగెను. వేషధారిని ఊసరవెల్లితో పోల్చి నేనెన్ని ప్రసంగములు చేసితిని! వేషధారి రంగు మార్చి హృదయమును దాచుకొనును. ఈ ప్రాణి రంగు మార్చి తన లోపలి స్థితిని బయటపెట్టుకొనును. మూగజీవిమీదనైనను అబద్ధసాక్ష్యము చెప్పకుండుట మంచిది.

ఆ బాలునితో ఇట్లంటిని: "దీన్ని పెంచుకోకూడదు బాబూ. కానీ దీన్ని కాపాడడం మాత్రం నీ పనే." మన దేశపు ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత రక్షింపబడుచున్నది, పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు నేరము. వెంటనే అటవీశాఖవారికి ఫోను చేసి, వారు వచ్చువరకు ఆ పెట్టెను నీడలో నుంచి, అందులో ఆకుల కొమ్మ నొకటి పెట్టి, పైని కొద్దిగా నీళ్లు చిలకరించితిమి. అది చాలసేపు కదలలేదు. తరువాత నాలుక చాపి ఒక బిందువును నాకెను. బాలుడు ఊపిరి బిగబట్టి చూచెను.

సాయంకాలమున ఉద్యోగి వచ్చి దానిని గొనిపోవుచుండగా వాడు కన్నీళ్లతో, "నన్ను గుర్తుపెట్టుకుంటుందాండీ?" అని అడిగెను. "గుర్తుండకపోవచ్చు నాన్నా. అది బ్రతికితే చాలదా?" అంటిని.

అయితే విడిచిపెట్టుట ఎల్లప్పుడును ధర్మము కాదు. అమెరికాలోని మన తెలుగు కుటుంబములలో ఒకరికి, ఊరు మారిపోవు పొరుగువారు వెయిల్డ్ కమీలియన్ అను జాతిదానిని అప్పగించి పోయిరనుకొందము. దాని పుట్టిల్లు యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతములు. బయట విడిచినచో చలికి చచ్చును. లేదా ఫ్లోరిడా, హవాయిలలో జరిగినట్లు అక్కడనే వ్యాపించి స్థానిక జీవులకు కీడు చేయవచ్చును. అచ్చట పెంచుటయే ధర్మము. సుమారు 4 అడుగుల ఎత్తుగల జాలిపంజరము, మొక్కలు, వెచ్చదనమునకు ఒక దీపము, అతినీలలోహిత కిరణములకు వేరొక దీపము, ప్రతిదినము నీటి తుంపర, కాల్షియము పొడి అద్దిన కీచురాళ్లు కావలెను. ఆ కిరణములు లేనియెడల తిన్న కాల్షియము ఒంటబట్టక ఎముకలు మెత్తబడును. తోటి ఊసరవెల్లిని అందులో నుంచరాదు. ఇంత చేసినను అది మన ఒడిలోనికి రాదు, మనలను చూచి సంతోషింపదు. ప్రతిఫలము నాశింపని ప్రేమ మనయందు ఎంత కలదో అది కొలిచి చూపును.

ప్రియ చదువరీ, అడుగకయే మన గుమ్మమునకు వచ్చునవి ఊసరవెల్లులు మాత్రమే కావు. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న అన్నగారి బిడ్డ, ఆదరించువారు లేని వృద్ధురాలైన మేనత్త, భాష తెలియని కూలివాడు వచ్చుచున్నారు. కొందరిని "నాకెందుకు" అని త్రోసివేయుచున్నాము. కొందరిని "నావారు" అని దారము కట్టి సీసాలో నుంచి, వారు నల్లబడుచుండగా మన ప్రేమను మెచ్చుకొనుచున్నాము. వారికి ఏమి కావలెనో అడిగి తెలిసికొంటిమా?

తండ్రి తనకు అప్పగించినవారిలో ఒకరినైనను పోగొట్టుకొనకుండుటయే తనను పంపినవాని చిత్తమని ప్రభువు చెప్పెను (యోహాను 6:39). ఆయన చేతిలో మనము అట్లు కాపాడబడుచున్నాము. మన చేతికి వచ్చినదానిని యజమానుడు అడుగు దినమున, ప్రాణముతో అప్పగించు కృప మనకు కలుగును గాక.