రూపమును, బలమును

ధ్యాన భాగములు: ఆదికాండము 27, 32 అధ్యాయములు, 2 తిమోతి 3:5



ముసలివాడైన ఇస్సాకుకు చూపు మందగించినది. రిబ్కా మేకపిల్లల చర్మమును చిన్న కుమారుని చేతులకును మెడకును కట్టి, పెద్ద కుమారుని మంచి వస్త్రములు తొడిగి, లోపలికి పంపెను. తడవి చూచిన తండ్రికి చేతులు ఏశావువిగానే తోచెను. స్వరము మాత్రము అతనికి అనుమానము పుట్టించినది. ఈ కథను చదువునప్పుడెల్ల అమెరికా దేశములోని ఒక విధమైన కార్లు నాకు జ్ఞాపకము వచ్చును. వాటిని గూర్చి కొంచెము వివరముగా చెప్పనిండు.

ఇటలీలో మారనెల్లో అను ఊరిలో ఫెరారీ కంపెనీ కలదు. వారు 1975 మొదలు 1985 వరకు 308 అను కారును చేసిరి. నేలకు ఆనుకొని పోవునంత పొట్టి బండి. ఇంజను ముందు ఉండదు. కూర్చున్నవారి వీపు వెనుక, వెనుక చక్రములకు ముందుగా అడ్డముగా అమర్చబడి యుండును. ఎనిమిది సిలిండర్లు, 200కు మించిన హార్సుపవరు. మన చేలలో నీళ్లు తోడు మోటారు 5 హార్సుపవరుదని చెప్పుకొందుము గదా, దానిని బట్టి ఊహించుకొనుడి. దాని వెల సామాన్యునికి అందదు. కోరిక మాత్రము సామాన్యునికిని కలుగును.

అమెరికాలో పాంటియాక్ కంపెనీవారు 1984 మొదలు 1988 వరకు ఫియెరో అను చిన్న కారును చేసిరి. దాదాపు 3,70,000 బండ్లు తయారైనవి. మొదటి సంవత్సరపు బండికి నాలుగు సిలిండర్లు, 92 హార్సుపవరు మాత్రమే. అయితే దీని ఇంజను కూడ ఫెరారీవలెనే వీపు వెనుక అడ్డముగా ఉండెను. ముందు చక్రమునకును వెనుక చక్రమునకును నడిమి దూరము కూడ రెంటికిని ఇంచుమించు ఒకటే. అన్నిటికంటె ముఖ్యమైనది, ఈ బండి కట్టుబడి. ఉక్కు చట్రమే భారమంతయు మోయును; పైనున్న ప్లాస్టిక్కు రేకులు బోల్టులతో బిగించినవే. మన పాకలో గుంజలును వాసములును బరువు మోయగా, తడిక గాలికి అడ్డముగా నిలిచినట్లన్నమాట. ఆ రేకులు ఊడదీసినను బండి నడచును. కాబట్టి కొందరు వాటిని తీసివేసి, ఫైబరు గ్లాసుతో ఫెరారీ ఆకారము పోతపోసి, ఆ చట్రమునకే తగిలించిరి. 1987, 1988 సంవత్సరములలో ఒక సంస్థ మేరా అను పేరుతో అట్టి బండ్లను కట్టగా, అవి పాంటియాక్ దుకాణములలోనే అమ్ముడుపోయెను. ఫెరారీవారు దావా వేసిన తరువాత ఆ పని నిలిచిపోయెను.

వీధిలో పోవుచుండగా చూచిన పిల్లవాడు ఫెరారీ అని కేకవేయును. అయితే తాళము త్రిప్పగానే నాలుగు సిలిండర్ల మ్రోత బయటపడును. చేతులు ఒకరివి, స్వరము మరియొకరిది.

ఇంతకంటె వింతైనవి వోక్స్‌వాగన్ బీటిల్ మీద కట్టిన బండ్లు. బీటిల్‌కు ఇంజను వెనుక భాగమున ఉండును. దానిని గాలియే చల్లబరచును, నీరు అక్కరలేదు. అడుగుపళ్లెము బోల్టులు విప్పగానే పై తొడుగు వేరైపోవును. దానిమీద కొందరు 1950 ప్రాంతపు ఎం.జి. అను ఇంగ్లీషు కారు రూపమును నిలిపిరి. పొడుగాటి ముక్కు, దాని చివర రేడియేటరు జాలి, అంతయు దొరల బండివలెనే యుండును. మూత ఎత్తి చూచినయెడల అక్కడ ఇంజనూ లేదు, రేడియేటరూ లేదు. లేని నీటిని చల్లార్చుటకు జాలి! భక్తికి రూపము వేరు, బలము వేరు అని పౌలు తిమోతికి వ్రాసిన సంగతి ఇంత తేటగా కంటికి కనబడుట అరుదు.

అయినను అనుకరణ యంతయు పాపమని తీర్పు తీర్చుటకు తొందరపడకుడి. పగలంతయు పనిచేసి, రాత్రి తన కొట్టములో కోసి, అతికి, నున్నగా రుద్ది, ఏండ్ల తరబడి ఒక బండిని కట్టుకొనువాని ఓర్పును నేను తక్కువ చేయను. మరియు పోర్షె 356 సంగతి చూడుడి. దాని మొదటి బండి 1948లో ఆస్ట్రియాలోని గ్మూండ్ అను ఊరిలో బీటిల్ భాగములతోనే కట్టబడెను. బీటిల్‌ను రూపించినవాడు తండ్రియైన ఫెర్డినాండ్ పోర్షె. ఈ కారును కట్టించినవాడు అతని కుమారుడు. ఆ వంశములోనిదే 1954లో వచ్చిన స్పీడ్‌స్టర్. నేడు దాని నమూనా చేయువారు బీటిల్ అడుగును సుమారు 30 సెంటీమీటర్లు కోసి కురచచేసి, దానిమీద ఆ రూపము నిలుపుదురు. ఇది వట్టి వేషమందుమా, తమ్ముడు అన్న అంగీ తొడుగుకొనెనందుమా? నన్నడిగినయెడల రెండవదే అందును.

అట్లయిన దోషము ఎక్కడ నున్నది? ఫెరారీ రూపములు పోతపోసి అమ్మిన ఒక తయారీదారుని వ్యాజ్యెము 1991లో అమెరికా అప్పీలు కోర్టు ఎదుటికి వచ్చెను. కొనువారికి ఇది అసలుది కాదని తెలియును గదా, మోసపోయినవారెవరు అని అతని వాదన. ఆ మాట చాలదని కోర్టు తలంచెను. కొన్నవానికి తెలియును, త్రోవలో చూచువానికి తెలియదు. ఆ చూచువాని భ్రమను కూడ లెక్కలోనికి తీసికొని, ఫెరారీ పక్షముగా తీర్పు చెప్పిరి.

ప్రియులారా, ఇక్కడ కొంచెము నిలువుడి. మన లోపలి ఇంజను ఎట్టిదో మనకు తెలియును, ఇంటివారికి తెలియును, దేవునికి మరి బాగుగా తెలియును. త్రోవలోనివాని మాటయేమి? ఆదివారము కానుకపళ్లెము పట్టి నడచు పెద్దను చూచి కూలివాడు నమ్మును. లెక్క అడుగకయే ఆయన చేనిలో వారమంతయు వంగి కోయును. శనివారము కూలి చేతికి రాకపోయినయెడల, ఆ రాత్రి పొయ్యి వెలుగనిది ఎవరి ఇంట? ఆ పెద్ద అబద్ధమాడలేదు, నిజమే. తెల్లని పంచెయే ఆయన పక్షమున మాటలాడినది.

ఫియెరో మీద ఏ రూపము నిలిపినను, చట్రము మీద పడిన సంఖ్య ఫియెరోదే. పెట్రోలు పోయువాడు ఇది ఏమి బండి అని అడుగగా, ఫియెరో అని చెప్పు యజమానునికి భయపడవలసినదేదియు లేదు.

యాకోబునకు ఈ ప్రశ్న రెండుసార్లు వచ్చెను. నీవెవడవని తండ్రి అడిగినప్పుడు అన్న పేరు చెప్పెను. దాని ఫలముగా ఇల్లు విడిచి పారిపోయెను. లాబాను ఇంట, పెండ్లిరాత్రి, ముసుగులోని మోసము తానే అనుభవించెను. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట, యబ్బోకు రేవున, చీకటిలో పెనుగులాడినవాడు అతని పేరు అడిగెను. చర్మములు లేవు, అన్న వస్త్రములు లేవు. యాకోబు అని చెప్పెను. ఆ తరువాతనే అతనికి క్రొత్త పేరు వచ్చినది. ప్రొద్దు పొడుచుచుండగా అతడు కుంటుచు పెనూయేలు దాటెను. కన్నులెత్తి చూడగా, ఏశావు నాలుగు వందలమందితో ఎదురు వచ్చుచుండెను.