పేరు వంతెనకు పెట్టాక

స్థానిక సంస్థలో పనిచేసి కన్నుమూసిన భర్తనో భార్యనో తలుచుకోవడం ఇంటివాళ్ల సొంత వ్యవహారమనీ, ఊరు ఒక సంతాపసభ పెట్టి ఫొటోకి దండ వేస్తే చాలనీ చాలామంది అనుకుంటారు. నాకు అది సరిగా తోచదు. మంత్రికి కచేరీ వేరు, కాపురం వేరు. సర్పంచికి ఆ గోడ ఉండదు. అంబాజీపేట చుట్టుపక్కల ఏ ఊరైనా తీసుకోండి. పింఛను ఆగిందని ముసలావిడ, మురుగు కాలవ పూడి కొబ్బరితోటలో నీళ్లు నిలిచాయని రైతు, దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డవాడికి సాయం కోసం అతని పెళ్లాం, వీళ్లెవరూ పంచాయతీ ఆఫీసు తాళం తీసేదాకా ఆగరు. తెల్లారేసరికి అరుగు మీద ఉంటారు. సర్పంచి ఇంట్లో లేకపోతే గోడు వినేది, జవాబు చెప్పేది జీవిత భాగస్వామే. ఏ అర్జీ మీద చేయి వెంటనే కదిలింది, దేని దగ్గర ఆగింది, ఎవరికి కాదని చెప్పిన రాత్రి అన్నం సహించలేదు, ఇవేవీ తీర్మానాల పుస్తకానికెక్కవు. అందుకే ఆ జ్ఞాపకాన్ని ఊరి పాలనా చరిత్రలో భాగమంటాను.

జి.ఎం.సి. బాలయోగి సంగతే చూడండి. మండల వ్యవస్థ వచ్చాక 1987లో జనం నేరుగా ఓట్లేసి ఆయన్ని తూర్పుగోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణి చేశారు. 1991 దాకా ఆ పని చేశారు. 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు. ఒకప్పుడు పంటు మీద గోదావరి దాటిన చోట ఇవాళ యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన ఆయన పేరు మోస్తోంది. గచ్చిబౌలి స్టేడియానికీ అదే పేరు. ఇదంతా న్యాయమే. కానీ లోకం గుర్తుపెట్టుకున్నది స్పీకర్ని. బడి గదులూ ఊరి రోడ్లూ చూసుకున్న జిల్లా పరిషత్ ఏళ్లు వెనక్కి పోయాయి. లోకం పెద్ద పదవినే దాచుకుంటుంది. చిన్న పదవిలో పడ్డ పాట్లు ఇంటివాళ్ల దగ్గరే మిగులుతాయి, వాళ్లతోనే పోతాయి.

ప్రేమ ఉన్నచోట గోరంత మంచి కొండంత అవుతుందంటారు. అవుతుంది, నిజమే. అయితే తీర్మానాలున్నాయి, ఆడిట్ నివేదికలున్నాయి, పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. ఇలాంటి స్మృతి చివరికి వారసత్వానికి నిచ్చెన అవుతుందని. బాలయోగి తరవాత ఉప ఎన్నికలో అమలాపురం నుంచి ఆయన భార్య విజయకుమారి గెలిచారు. 2024లో అక్కడినుంచే కుమారుడు హరీశ్ గెలిచారు. ఈ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ సీటు ఇచ్చేది ఓటు. జ్ఞాపకానికి నేను అడుగుతున్నది సీటు కాదు, సాక్ష్యం చెప్పే చోటు.

ఆ సాక్ష్యం అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. ఆంధ్రప్రదేశ్ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్లవి. భార్య సర్పంచి అయితే భర్త పెత్తనం చేసే ఊళ్లు మనకు తెలియనివి కావు. అలాంటి ఆవిడ కాలం చేస్తే, ఏ నిర్ణయం ఆవిడది, ఏది తను పక్కన కూర్చుని పెట్టించిన సంతకం అన్నది అందరికన్నా బాగా ఎరిగినవాడు ఆ భర్త. ఆ మాట అతన్ని అడిగి, అతను చెప్పింది పంచాయతీ రికార్డులో రాయించాలి.